ఇన్వర్టరుకూ ఊపిరి కావాలి

కరెంటు అనగానే మనవాళ్ళకు వెలుతురు గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం ముందు వేడి గుర్తుకు వస్తుంది. 36 ఏళ్ళపాటు ఖుర్దా రోడ్డులో రైలు పెట్టెల దీపాలూ, ఫ్యాన్లూ, బ్యాటరీలూ చూసుకుంటూ కాలం గడిపినవాణ్ణి. తీగ ఎక్కడ వేడెక్కుతున్నదో రేపటి తగాదా అక్కడే ఉన్నదని మా పాత మేస్త్రీ ఒకాయన అంటూ ఉండేవాడు. ఆయన చదివింది నాలుగో తరగతే గాని, ఆ మాటను మించిన పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ పాఠాన్ని ఈ వయస్సులో, సముద్రాలు దాటిపోయి, మా అబ్బాయి కొన్న చక్రాల ఇంటి పక్కన మోకాళ్ళమీద కూర్చుని మళ్ళీ అప్పజెప్పవలసి వస్తుందని నేను అనుకోలేదు. మన సంఘం పత్రిక చదివే ఇళ్ళల్లో పిల్లలు విదేశాలలో ఉన్నవారు చాలామందే ఉన్నారు. ఇన్వర్టరు ఉన్న ఇళ్ళూ మన ఒడిశా తీరాన ఉన్నాయి. అంచేత ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తే ఎవరికైనా ఉపయోగపడకపోదని కలం పట్టాను.

మా అబ్బాయి అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్సు నగరానికి దగ్గరలో ఉంటాడు. అతను ఈమధ్య ఒక పాత మోటారు హోము కొన్నాడు. అక్కడివాళ్ళు దాన్ని పొట్టిగా ఆర్వీ అంటారు. మన తీర్థయాత్రల బస్సులో రైలు ఫస్టు క్లాసు పెట్టెను ఇమిడ్చినట్టు ఉంటుంది. లోపల రెండు పడకలు, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ళ తొట్టి, స్నానాల గది, అన్నీ ఉన్నాయి. మా ఆవిడ అంతా తిరిగి చూసి, “వంటకూ దొడ్డికీ మధ్య నాలుగడుగులేనా?” అని ముక్కుమీద వేలు వేసుకుంది గాని, కిటికీ పక్కన పడక ఆమెకు నచ్చింది.

మే నెలలో అందరం కలిసి గ్రాండ్ కాన్యన్ చూడడానికి పోవాలని ఏర్పాటు. ఫీనిక్సు నుంచి దాని దక్షిణపు అంచుకు సుమారు 230 మైళ్ళు. అక్కడ మాథర్ క్యాంపు అనే చోట మూడు రాత్రుళ్ళకు అబ్బాయి స్థలం తీసుకున్నాడు. చుట్టూ పైన్ చెట్లు, మంచి నీళ్ళు, చక్కని నేల ఉన్నాయి గాని, బండికి తగిలించుకోవడానికి కరెంటు మాత్రం ఉండదు. రాత్రివేళ జనరేటరు నడపడానికి వీల్లేదు. చీకటి పడ్డాక ఎవరి బ్యాటరీలు వారికి దిక్కు.

మిగిలిన వాళ్ళకు ఇది ఇబ్బంది కాదు. దీపం ఆర్పి పడుకుంటే తెల్లవారుతుంది. మా ఆవిడ సంగతి అట్లా కాదు. ఆమెకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నది. గొంతులోని కండరాలు నిద్రలో వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఒంట్లో ప్రాణవాయువు తగ్గగానే మెలకువ వస్తుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ అదే. దానివల్ల రక్తపోటు పెరుగుతుంది, గుండెకు శ్రమ. భువనేశ్వరంలో డాక్టరుగారు ఒక చిన్న యంత్రం రాసి ఇచ్చారు. ముక్కుకు తొడుగు పెట్టుకుంటే అది రాత్రంతా మెల్లగా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. 100 నుంచి 240 వోల్టులదాకా ఏ కరెంటు మీదనైనా నడుస్తుంది గనక మన దేశంలో కొన్నదే అమెరికాలోనూ పనికి వచ్చింది. అయితే ఆ కరెంటు తెల్లవార్లూ ఉండాలి.

మోటారు హోములో బ్యాటరీలు ఇచ్చేది 12 వోల్టుల డీసీ. ఇంట్లో వాడే సామాను కోరేది, అమెరికాలో అయితే, 120 వోల్టుల ఏసీ. ఈ రెంటికీ మధ్య దుబాసీ ఇన్వర్టరు. దానిలోని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు కరెంటును తెరిచి మూస్తూ దాని రూపం మారుస్తాయి. ఏ దుబాసీ అయినా కొంత రుసుము పుచ్చుకుంటాడు గదా! ఇది పుచ్చుకునే రుసుము వేడి. మంచి ఇన్వర్టరు కూడా నూటికి పది వంతుల దాకా వేడిగా మార్చేస్తుంది. 1200 వాట్ల విద్యుత్ పొయ్యి నడిస్తే ఇన్వర్టరులో పుట్టే వేడి 130 వాట్లపైచిలుకు. అంటే మన పాతకాలపు వంద వాట్ల బల్బు ఒకటీ, దాని పక్కన చిన్నది ఒకటీ ఒక పెట్టెలో పెట్టి మూత వేసినట్టు. పెట్టెకు కిటికీ లేకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇంకొక చిక్కు ఈ 12 వోల్టులు. మా రైలు పెట్టెల్లో బ్యాటరీ 110 వోల్టులు. వోల్టులు తగ్గినకొద్దీ అంత పనికీ కరెంటు ఎక్కువ పారాలి. 110 వోల్టుల మీద చేసే పనిని 12 వోల్టుల మీద చేస్తే సుమారు తొమ్మిది రెట్ల కరెంటు కావాలి. తీగలో పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది గనక, అదే తీగలో ఎనభై రెట్లు దాటుతుంది. ఆ 1200 వాట్ల పొయ్యికే బ్యాటరీ నుంచి సుమారు 110 ఆంపియర్లు పారుతుంది. చేతి బొటనవేలంత కేబుళ్ళు వేయడం అందుకే.

బయలుదేరే ముందు ఒక రాత్రి ఇంటి ముందరే బండిలో పడుకుని చూద్దామని నేనే పట్టుబట్టాను. రైలు పెట్టెను కూడా మేము ప్రయాణికులతో పరీక్ష చేసేవాళ్ళం కాదు. ఇంటి కరెంటు తీగ పీకేసి, బ్యాటరీల మీదనే వంట మొదలుపెట్టారు. ఒకవైపు పొయ్యిమీద సాంబారు, ఒకవైపు ఫ్రిజ్. ముప్పావుగంట అయ్యేసరికి పడక కింద నుంచి కీచుమని మోత వచ్చి అంతా ఆగిపోయింది. కాసేపటికి దానంతట అదే మళ్ళీ వచ్చింది. అబ్బాయి, “వేడెక్కితే ఆగిపోయి చల్లారితే వస్తుంది నాన్నా, అది దాని రక్షణ,” అన్నాడు. నిజమే. ఆ రక్షణ ఇన్వర్టరుకు. మా ఆవిడకు కాదు.

రాత్రి పదిన్నరకు ఆమె తొడుగు పెట్టుకుని నిద్రపోయింది. మా కోడలు పిల్లవాడికి పాలు వేడిచేసింది, మళ్ళీ కీచు. యంత్రం ఆగింది. ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుని, తొడుగు తీసి, నెమ్మదిగా అన్నది: “ఏమండీ, ఆ పెట్టెకే ఊపిరాడడం లేదు, అది నాకేం ఊపిరి పోస్తుంది? మీరంతా వెళ్ళిరండి. నేను ఇంట్లో ఉంటాను.”

ఆమె మాటకు నాలో ఉన్న మేస్త్రీ లేచాడు.

మర్నాడు పొద్దున్నే పడక పలక ఎత్తి చూశాం. ఆ ఇన్వర్టరును పాత యజమాని ఎవరిచేత పెట్టించాడో గాని, అమర్చినవాడి తొందర అంతా అక్కడ కనబడుతున్నది. పెట్టెను తివాచీమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. ఫ్యాను నోటికీ చెక్కగోడకూ మధ్య ఒక అంగుళం సందు. అది వదిలిన వేడిగాలి గోడకు తగిలి తిరిగి దాని ముక్కులోకే పోతున్నది. గాలికోసం చెక్కకు రెండు కన్నాలు పొడిచిన మాట నిజమే గాని, రెండూ నేలకు ఆనుకునే ఉన్నాయి. వేడిగాలి పైకి పోతుందని కట్టెపొయ్యి ఊదిన మన అమ్మమ్మకు కూడా తెలుసు. పైన దారి లేకపోతే అది ఎటు పోతుంది? దీనికి తోడు ఆ ఖాళీ స్థలం నిండా దుప్పట్లు, రగ్గులు.

ఇంతకంటె దొంగచాటు లోపం మరొకటి ఉన్నది. కేబులు చివరి లగ్గుకూ, ఇన్వర్టరు టెర్మినలుకూ మధ్య ఒక ఇనుప వాషరు దూరి ఉన్నది. వాషరు ఉండవలసింది లగ్గుకు పైన, నట్టుకు కింద. రాగి రాగికి ఆనుకుంటేనే కరెంటు సుఖంగా పోతుంది. మధ్యన ఇనుము వస్తే అడ్డు. ఆ అడ్డు ఓములో వెయ్యోవంతే అయినా, 110 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ 12 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట 12 వాట్లంటే చిన్న టంకం కడ్డీ పెట్టినట్టే. కేబులు తొడుగు అక్కడ అప్పుడే గోధుమరంగుకు తిరిగింది. ప్లాస్టిక్ రంగు మారితే చాలు, అది ఫిర్యాదు కాగితం కింద లెక్క. పక్కనే రగ్గులు! మా ఆవిడకు నిద్ర చెడడం ఒకందుకు మంచిదే అయింది.

అబ్బాయి, “ఇంకా పెద్ద ఇన్వర్టరు కొని పెడితే సరిపోదూ?” అన్నాడు. ఉక్కపోసే గదిలో ఉన్నవాడికి పెద్ద కుర్చీ వేస్తే చెమట ఆరుతుందా? పెద్ద ఇన్వర్టరు ఊరికే ఉన్నప్పుడు కూడా చిన్నదానికంటె ఎక్కువ బ్యాటరీ తింటుంది. ఆ గూటిలో అదీ ఇట్లాగే ఉడుకుతుంది. మార్చవలసింది పెట్టెను కాదు, చోటును.

చోటు దగ్గర మా ఇద్దరికీ చాలాసేపు వాదం జరిగింది. బ్యాటరీల నుంచి ఇన్వర్టరు దాకా వచ్చే కేబులు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఇన్వర్టరు నుంచి 120 వోల్టుల తీగ ఎంత దూరం పోయినా నష్టం తక్కువ, అందులో పారే కరెంటు తక్కువ గనక. పాత ఏర్పాటులో కేబులు రానూపోనూ 28 అడుగులు. ఆ లావు రాగిలో కూడా 110 ఆంపియర్ల మీద దాదాపు పావు వోల్టు, పాతిక వాట్లకు పైగా దారిలోనే పోతున్నది. 12 వోల్టుల్లో పావు వోల్టు అంటే చిన్నది కాదు.

“అట్లా అయితే బ్యాటరీల అరలోనే పెట్టేద్దాం,” అన్నాడు అబ్బాయి. కూడదన్నాను. ఆ బండిలోవి ఆమ్లం నీళ్ళు పోసే సీసపు బ్యాటరీలు. ఛార్జి ఎక్కేటప్పుడు వాటినుంచి హైడ్రోజను వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు వంతులు చేరితే ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇన్వర్టరులో రిలేలు టక్కుమన్నప్పుడల్లా చిన్న రవ్వ పుట్టవచ్చు. పైగా ఆమ్లపు ఆవిరి రాగినీ, టంకాన్నీ తినేస్తుంది. రైలు పెట్టెలకు బ్యాటరీలను అడుగున గాలి ఆడే పెట్టెల్లో వేలాడదీసేది ఊరికే కాదు. బ్యాటరీకీ ఇన్వర్టరుకూ పొరుగిల్లు కావాలి గాని ఒకే గది పనికిరాదు.

చివరకు ఆ పొరుగిల్లే దొరికింది. బండి మెట్టు కింద బ్యాటరీల అర; దానికి పక్కనే, మధ్య రేకుగోడతో, బయటినుంచి తలుపు ఉన్న సామాన్ల అర. జనరేటరు పొగగొట్టం అటువైపు లేదు. చక్రానికి దూరంగా ఉన్నది గనక బురద చిమ్మదు. కేబులు రానూపోనూ ఎనిమిది అడుగులకు తగ్గింది. కేబుళ్ళు గోడ దాటేచోట రబ్బరు తొడుగు వేసి, సందు మిగలకుండా మూశాం, బ్యాటరీల ఆవిరి ఇటు రాకుండా.

ఇక అమర్చే పని. ముందు బ్యాటరీ నెగటివు ఊడదీసి, పైకప్పుమీది సోలారు పలకల మీట కట్టేసి, ఉంగరాలూ, గడియారాలూ తీసి పక్కన పెట్టించాను. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు గాని, స్పానరు రెండు టెర్మినళ్ళమీద పడితే, లేదా ఉంగరం మధ్యన చిక్కితే, అది ఎర్రగా కాలిపోతుంది. 120 వోల్టుల వైపు పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుచేతనే చేయించాం. ఆ ఊరి నియమాలు వాళ్ళకు తెలుస్తాయి. ఇన్వర్టరు ఒంటిని బండి చట్రానికి కలిపే తీగ కూడా అతనే వేశాడు.

ఆ అర గోడ పల్చని రేకు. దానికి నేరుగా మరలు బిగిస్తే గతుకుల దారిలో రెండు నెలలకు ఊడివస్తాయి. ముప్పావు అంగుళం ప్లైవుడ్డు పలక ఒకటి కోసి, చట్రపు ఇనుముకు అడ్డంగా బోల్టులు వేసి, తిరిగి వదులుకాని నట్లతో బిగించాం. పలకమీద మంట అంటుకోని సిమెంటు అట్ట. దానిమీద ఇన్వర్టరును నిలువుగోడకు, దాని పుస్తకంలో ఏ దిక్కుకు చెప్పారో ఆ దిక్కుకే నిలబెట్టాం. అల్యూమినియం రెక్కల మధ్య నుంచి గాలి కింది నుంచి పైకి జారిపోవాలి. ఫ్యాను నోటి ముందు ఒక జానెడు ఖాళీ వదిలాం. లగ్గును టెర్మినలుకు ఆనించి, ఇనుప వాషరు దాని స్థానంలో పైన వేసి, ఎంత బిగువు కావాలో చూపించే స్పానరుతో బిగించాం. బ్యాటరీకి వీలైనంత దగ్గరలో పెద్ద ఫ్యూజు పెట్టాం. కేబులు ఎక్కడైనా ఒరుసుకుపోయి చట్రానికి తగిలితే అది ముందుగా తెగి బండిని కాపాడాలి. ఫ్యూజు ఇన్వర్టరు దగ్గర పెడితే మధ్యనున్న కేబులుకు కాపలా లేనట్టే.

తరువాత గాలి. ఇది ఊహ మీద చేసే పని కాదు, లెక్క ఉన్నది. 150 వాట్ల వేడిని, గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కేటట్టు మోసుకుపోవాలంటే, నిమిషానికి సుమారు ముప్పాతిక ఘన మీటరు గాలి కావాలి. కంప్యూటర్లలో ఉండే ఐదంగుళాల ఫ్యాను ఒకటి ఆ పని చేయగలదు, దాని దారి ఇరుకు చేయకపోతే. తలుపు అడుగున ఒక జాలీ, ఎదురు మూలన పైన ఇంకొక జాలీ. పైదానికి ఫ్యాను, అది బయటికి ఊదేటట్టు. అరలో వేడి 40 డిగ్రీలు దాటితే దానంతట అది తిరిగి, చల్లారితే ఆగేటట్టు ఒక చిన్న మీట. జాలీల రెక్కలు కిందికి వాలి ఉంటాయి, వాన లోపలికి రాకుండా. లోపలివైపు దుమ్ము ఆపే వల. ఆ వల నెలకొకసారి దులపకపోతే ఇన్ని కన్నాలూ దండగే.

40 డిగ్రీలే ఎందుకని అబ్బాయి అడిగాడు. ఇన్వర్టరుమీద రెండు వేల వాట్లని రాసి ఉంటే, అది ఏ వేడిలోనైనా అంత ఇస్తుందని కాదు. కొన్ని కంపెనీలు 25 డిగ్రీల దగ్గర, కొన్ని 40 దగ్గర ఆ అంకె చెబుతాయి. ఆపైన వేడి పెరిగినకొద్దీ శక్తి తగ్గించుకుంటూ చివరకు ఆగిపోతుంది. అంతే కాదు, లోపల ఉండే కెపాసిటర్లకు ప్రతి పది డిగ్రీల వేడీ తగ్గితే ఆయుర్దాయం ఇంచుమించు రెట్టింపని ఎలక్ట్రానిక్సువారి లెక్క. చల్లగా ఉంచడం ఆ రాత్రికోసమే కాదు, వచ్చే పదేళ్ళకోసం కూడా.

రెండు రోజుల పని అయ్యాక మళ్ళీ ఇంటి ముందరే పరీక్ష. ఈసారి ముందుకంటె కఠినంగా పెట్టాను. ఫ్రిజ్ నడుస్తుండగా, పొయ్యిమీద పులుసు, ఆ వెంటనే కుక్కరులో అన్నం, తరువాత పాలు. మా మనవడు థర్మామీటరు పట్టుకుని అర దగ్గర కూర్చుని ఐదు నిమిషాలకొకసారి అంకె కేకవేశాడు. లోపలి వేడి బయటి గాలికంటె ఎనిమిది డిగ్రీలు పెరిగి అక్కడే నిలబడింది. టెర్మినలు గోరువెచ్చగా ఉన్నది, అంతే. పదిన్నరకు మా ఆవిడ యంత్రం మొదలైంది. తెల్లవారి ఆరింటికి ఆమే దాన్ని ఆపింది. “సరే, నా చీరలు కూడా సర్దండి,” అన్నది. అంతకుమించిన సర్టిఫికెట్టు నాకు రైల్వేలో కూడా దొరకలేదు.

అయినా ఒక దారి మీదనే ఆధారపడడం నాకు ఇష్టం లేదు. ఆమె యంత్రానికి 12 వోల్టుల మీదనే నడిచే అడాప్టరు వేరుగా దొరుకుతుంది. అది తెప్పించి సంచిలో పెట్టాం. దానితో అయితే ఇన్వర్టరు ప్రమేయమే ఉండదు, బ్యాటరీ ఖర్చు కూడా తక్కువ. నిద్రలో ఈ యంత్రం వాడే పెద్దవారు ఎక్కడికి పోయినా అది దగ్గర ఉంచుకోవడం మంచిది.

గ్రాండ్ కాన్యన్ అంచు సముద్రమట్టానికి సుమారు ఏడువేల అడుగుల ఎత్తు. అక్కడ గాలి మన ఊళ్ళో గాలికంటె ఐదోవంతు పలచన. అంటే అదే ఫ్యాను అదే వేగంతో తిరిగినా ఐదోవంతు తక్కువ వేడిని మోస్తుంది. మే నెలలో కూడా అక్కడ రాత్రి చలి గనక ఆ లోటు తెలియలేదు. వేసవిలో ఎండకొండలెక్కేవారు మాత్రం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మూడు రాత్రుళ్ళు ఒక్కసారి కూడా కీచుమనలేదు. లోయను గురించి నేను రాయబోను. అది చూసినవాళ్ళు ఎంతోమంది రాశారు. రాళ్ళ రంగులు పొద్దు తిరిగినకొద్దీ మారుతుంటే మా ఆవిడ గంటసేపు మాట్లాడకుండా కూర్చున్నది. ఆమె అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం కూడా చూడదగ్గదే.

తిరిగి వచ్చాక నేను జట్నీలో మన తెలుగు ఇళ్ళకు పోయినప్పుడల్లా మర్యాదలు అయ్యాక, “మీ ఇన్వర్టరు ఎక్కడండీ?” అని అడుగుతున్నాను. చాలా ఇళ్ళల్లో అది మెట్ల కింద చెక్క బీరువాలో ఉంటున్నది. చూడడానికి బాగుండదని తలుపు వేసి ఉంచుతారు. దానిమీద పాత పేపర్ల కట్ట. కొందరు ఇల్లాళ్ళు దుమ్ము పడకుండా అల్లిక గుడ్డ కూడా కప్పుతున్నారు. రేడియోకు కప్పిన అలవాటు కాబోలు! రేడియో ఓర్చుకున్నది గాని ఇది ఓర్చుకోదు. బ్యాటరీ, ఇన్వర్టరు ఒకే తోపుడు స్టాండులో ఒకదానిపైన ఒకటి ఉండడం మన దేశంలో మామూలే. గాలి ఆడే వరండాలో అయితే ఆ ఏర్పాటు నడుస్తుంది. మూసిన బీరువాలో మాత్రం పైన వేడీ, కింద హైడ్రోజనూ కలిసి కాపురం చేస్తున్నట్టే.

2019 మే 3న ఫణి తుఫాను పూరీ దగ్గర తీరం దాటినప్పుడు మనందరం కరెంటు లేకుండా గడిపాం. అప్పుడు ఇన్వర్టరు విలువ తెలియనివాళ్ళు లేరు. అయితే ఒక సంగతి చాలామందికి తట్టదు. ఇన్వర్టరుకు కష్టకాలం కరెంటు పోయిన రోజే కాదు, తిరిగి వచ్చిన రోజు కూడా. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని అది గంటల తరబడి ఛార్జి చేయాలి. దాని వేడీ అప్పుడే, బ్యాటరీ నుంచి వచ్చే వాయువూ అప్పుడే ఎక్కువ. మనం మాత్రం లైట్లు వచ్చాయన్న సంతోషంలో ఆ బీరువా తలుపు మూసి నిద్రపోతాం. ఆ రోజు తలుపు తెరిచి ఉంచండి. అక్కడ అగరొత్తీ, దీపమూ వెలిగించకండి.

బీరువాకు తలుపు కావాలనుకునేవారు కింద ఒక జాలీ, పైన ఒక జాలీ వేయించండి. వడ్రంగికి అది అరపూట పని. దానిమీదా, పక్కనా ఏమీ పెట్టకండి. మూడు నెలలకొకసారి, అంతా కట్టేశాక, టెర్మినళ్ళు బిగువుగా ఉన్నాయా, తొడుగు రంగు మారిందా అని తెలిసినవారిచేత చూపించండి. బ్యాటరీలో డిస్టిల్డు నీళ్ళు గీతదాకా ఉన్నాయేమో చూడండి. పెద్దవాళ్ళకు ఊపిరి యంత్రమో, ఆక్సిజను యంత్రమో ఆ కరెంటు మీద నడుస్తున్న ఇల్లయితే, ఒక సాయంత్రం మెయిను కట్టేసి, అన్నీ నడిపి, రెండు గంటలసేపు మీరే పరీక్ష చేసుకోండి. ఆగిపోయేదయితే మీరు మెలకువగా ఉన్నప్పుడు ఆగిపోవడమే మేలు.